కోపెన్‌హేగన్‌లో షిప్పు దిగి ఒక్క రోజు: టూర్ కొనాలా, సొంతంగా తిరగాలా?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: జూన్ ఆఖర్లో సౌతాంప్టన్ నుంచి బాల్టిక్ క్రూయిజ్, కోపెన్‌హేగన్‌లో పొద్దున 8 నుంచి సాయంత్రం 5 దాకా ఆగుతుంది, తోడు 67 ఏళ్ల నాన్నగారు, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు, తొమ్మిదేళ్ల పాప. షిప్పు వాళ్లు అమ్మే టూర్ తీసుకోవాలా, సొంతంగా తిరగొచ్చా, శాకాహారులకు తిండి దొరుకుతుందా, అమ్మ చీరలోనే వస్తానంటోంది పర్లేదా.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. సొంతంగా తిరగండి. కాకపోతే చేతిలో తొమ్మిది గంటలున్నాయనుకోకండి, ఐదున్నర గంటలే ఉన్నాయనుకుని ప్లాన్ వేసుకోండి. మిగతాదంతా ఈ రెండు మాటలకి వివరణే.

నాకు ఈ సంగతులు ఎలా తెలుసంటే, ఏడేళ్లు క్రూయిజ్ షిప్పుల్లో షోర్ ఎక్స్‌కర్షన్ డెస్క్ వెనక కూర్చుని ఈ టూర్లు అమ్మింది నేనే. మాది విశాఖ, హోటల్ మేనేజ్‌మెంట్ చదివి షిప్పెక్కాను. తర్వాత ఉద్యోగం మారి ఇప్పుడు కోపెన్‌హేగన్‌లోనే ఉంటున్నాను. వేసవి వచ్చిందంటే చుట్టాలు, చుట్టాల చుట్టాలు షిప్పు దిగి ఫోన్ చేస్తుంటారు, సెలవు పెట్టి తిప్పడం నా వంతు. అంటే అమ్మిన అనుభవం, తిప్పిన అనుభవం రెండూ ఉన్నాయి.

తొమ్మిది గంటలు ఐదున్నర ఎలా అవుతాయో చూడండి. 8కి షిప్పు ఒడ్డుకి చేరుతుంది కానీ తాళ్లు కట్టి, పోర్టు వాళ్ల కాగితాలు పూర్తయి, షిప్పు నుంచి ఒడ్డుకి దిగే దారి, అంటే గ్యాంగ్‌వే తెరిచేసరికి ఇంకో పావుగంటో అరగంటో. ఆ మొదటి అరగంటలో టూర్ బస్సుల వాళ్లంతా దిగుతారు, లైను డెక్ మీద దాకా వస్తుంది. అమ్మానాన్నలతో టిఫిన్ అయి మీరు నేల మీద కాలు పెట్టేది ఎంత లేదన్నా తొమ్మిదింటికి. ఊళ్లోకి చేరడానికి ఇంకో ముప్పావుగంట. సాయంత్రం 5 అంటే షిప్పు కదిలే టైము, లోపలికి రావాల్సిన ఆఖరి టైము సాధారణంగా దానికి అరగంట ముందు, ఒక్కోసారి ఇంకా ముందే. పెద్దవాళ్లున్నప్పుడు 4కల్లా పోర్టులో ఉండాలంటే ఊళ్లోంచి మూడుంబావుకి కదలాలి. లెక్కేసుకోండి.

టూర్ ఎందుకు వద్దంటున్నాను. కోపెన్‌హేగన్ సిటీ టూర్ నాలుగు గంటలదైతే దాదాపు సగం బస్సులోనే పోతుంది. ముందు షిప్పు థియేటర్‌లో కూర్చోబెట్టి చొక్కాకి నంబరు స్టిక్కరు అంటిస్తారు, నంబరు పిలిచాక దిగాలి. నలభై మందీ బస్సెక్కాక ఒకరు టాయిలెట్‌కి వెళ్లొస్తామంటారు. ఫొటో స్టాప్ పదిహేను నిమిషాలంటే మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు బస్సు మెట్లు దిగేసరికే ఐదు నిమిషాలు గడుస్తాయి. పైగా అన్ని బస్సులూ ఒకే వేళకి ఒకే చోటికి చేరతాయి. దీనికి నలుగురికీ కలిపి మూడు నాలుగు వందల డాలర్లు పెట్టాలి. నా డెస్క్‌కి వచ్చి 'నిజం చెప్పు తమ్ముడూ, ఇది అవసరమా' అని అడిగిన తెలుగువాళ్లకి మాత్రం అప్పట్లోనే మెల్లగా మెట్రో మ్యాపు ఇచ్చేవాణ్ని.

ఈ ఊరు చదునుగా ఉంటుంది, ఎక్కాల్సిన గుట్టలేమీ లేవు. చూడాల్సినవన్నీ ఒక వరసలో, సముద్రం ఒడ్డు నుంచి ఊరి నడిబొడ్డు దాకా మూడు కిలోమీటర్ల లోపే ఉన్నాయి. ఇంగ్లీషు అందరికీ వచ్చు. అన్ని మెట్రో స్టేషన్లలోనూ లిఫ్ట్ ఉంది. ఇలాంటి ఊళ్లో గైడు జెండా వెనక పరిగెత్తడం దండగ.

అయితే టూర్ కొనాల్సిన సందర్భాలూ ఉన్నాయి. అమ్మగారు రెండు వందల మీటర్లకే కూర్చుండిపోయే పరిస్థితైతే కొనండి, ఈ ఊళ్లో చాలా చోట్ల రాళ్లు పరిచిన దారులు, వీల్‌చెయిర్ గడగడలాడుతుంది. ఊరి బయటున్న క్రోన్‌బోర్ కోటో, ఫ్రెడెరిక్స్‌బోర్ కోటో చూసి తీరాలనుకుంటే కొనండి, ఎందుకంటే షిప్పు వాళ్ల టూర్ బస్సు ఆలస్యమైతే షిప్పు ఆగుతుంది, మీ టాక్సీ ఆలస్యమైతే ఆగదు. ఇక టెన్షన్ మనిషైతే కూడా కొనుక్కోండి, రోజంతా గడియారం చూస్తూ గడిపే బదులు ఆ డబ్బు పోతే పోయింది.

ఇప్పుడు అసలు ప్రశ్న, మీరు అడగనిది. మీ షిప్పు ఏ రేవులో ఆగుతుంది? 'కోపెన్‌హేగన్' అని మాత్రమే టికెట్ మీద రాస్తారు గానీ ఇక్కడ ఒకటికి మించి రేవులున్నాయి. పెద్ద షిప్పులు ఎక్కువగా ఓషన్‌కై అనే కొత్త రేవుకి వస్తాయి, అది ఊరికి ఉత్తరాన, చుట్టూ కంటెయినర్లు, క్రేన్లు తప్ప ఏమీ ఉండదు. కొన్ని లాంగెలీనీ అనే పాత రేవులో ఆగుతాయి, అక్కడ దిగితే మత్స్యకన్య విగ్రహం నడిచే దూరంలోనే. రెండిటికీ తేడా మన దగ్గర ఊరి బయట బైపాస్ మీద దింపడానికీ, బస్టాండులో దింపడానికీ ఉన్నంత. కోపెన్‌హేగన్ మాల్మో పోర్టు వాళ్ల సైటులో తేదీలవారీగా ఏ షిప్పు ఏ రేవులో అనేది పెడతారు, వారం ముందు చూసుకుని, దిగే ముందురోజు రాత్రి షిప్పు దినపత్రికలో మళ్లీ సరిచూసుకోండి, మారుతుంటాయి.

ఓషన్‌కై అయితే: అక్కడి నుంచి ఓరియంట్‌కై మెట్రో స్టేషన్ నడిచి ఇరవై, పాతిక నిమిషాలు. మీకు తొందరేం లేకపోతే పర్లేదు, గాలి కొడుతుంటే మాత్రం ఆ నడక విసుగు. సిటీ బస్సు కూడా ఉంది, కానీ షిప్పు వచ్చిన రోజు మొదటి గంటలో నిండిపోతుంది. ఓరియంట్‌కైలో ఎం4 లైను ఎక్కితే నార్త్‌హావ్న్, ఓస్టర్‌పోర్ట్, మార్మర్‌కిర్కెన్, నాలుగో స్టేషన్ కాంగెన్స్ న్యూటోర్, అంటే ఊరి నడిమధ్య. పది నిమిషాల ప్రయాణం. ఈ మెట్రోకి డ్రైవరు ఉండడు, పాపని ముందు సీట్లో అద్దం దగ్గర కూర్చోబెట్టండి, ఆ పది నిమిషాలే తనకి రోజు మొత్తంలో గుర్తుండిపోతాయి. మా అక్క కొడుకు రాజభవనాలన్నీ మర్చిపోయాడు గానీ 'డ్రైవర్ లేని రైలు నేనే నడిపా' అని ఇప్పటికీ చెబుతాడు.

లాంగెలీనీ అయితే రవాణా గొడవే లేదు, రేవు వెంట నేరుగా నడవడమే.

ఏ రేవైనా నేను తిప్పే దారి ఒక్కటే, ఉత్తరం నుంచి దక్షిణానికి, వెనక్కి తిరగకుండా. మత్స్యకన్యతో మొదలు. (ఓషన్‌కై వాళ్లు ఓస్టర్‌పోర్ట్ స్టేషన్‌లో దిగి కోట తోటలోంచి నడవాలి.) ముందే చెబుతున్నాను, అది చాలా చిన్నది. ఎత్తు 1.25 మీటర్లు. 'దీనికోసమా ఇంత దూరం' అనని తెలుగువాణ్ని నేను చూడలేదు. కార్ల్‌స్‌బర్గ్ బీరు కంపెనీ ఆసామి కార్ల్ జేకబ్‌సెన్ చేయించాడు, శిల్పి ఎడ్వర్డ్ ఎరిక్సన్, 1913 నుంచి ఆ రాయి మీదే కూర్చుంది పాపం. 1964లో ఒకసారి, 1998లో ఇంకోసారి తల కోసి ఎత్తుకుపోయారు. మొదటి తల దొరకనే లేదు, కొత్తది చేసి పెట్టారు, రెండోది దొరికితే అతికించారు. ఫొటో తీసుకోండి, ఐదు నిమిషాల్లో కదలండి. పొద్దెక్కేకొద్దీ టూర్ బస్సులు వచ్చేస్తుంటాయి, అప్పుడు విగ్రహం కాదు, సెల్ఫీ కర్రలు కనిపిస్తాయి.

పక్కనే కాస్టెలెట్, నక్షత్రం ఆకారంలో కట్టిన 17వ శతాబ్దపు కోట. ఇప్పటికీ సైన్యం చేతిలోనే ఉంది, అయినా లోపలికి ఉచితంగా వెళ్లొచ్చు. మట్టి గట్ల మీద ఒక పాత గాలిమర కూడా ఉంది. అమ్మగారికి గట్టు ఎక్కడం వద్దు, కింద దారి చాలు. కోట దాటగానే గెఫియోన్ ఫౌంటెన్. నా లెక్కలో మత్స్యకన్య కంటే ఇది పదింతలు బాగుంటుంది. కథ ఏమిటంటే, స్వీడన్ రాజు ఒక దేవతతో 'ఒక పగలూ రాత్రీ నువ్వు దున్నినంత నేల నీదే' అన్నాడట. ఆవిడ తన నలుగురు కొడుకుల్నీ ఎడ్లుగా మార్చి కాడి కట్టి దున్నింది, ఆ పెకలించిన నేలే ఈ కోపెన్‌హేగన్ ఉన్న షేలాండ్ దీవి అయింది. కోనసీమ నుంచి మా మావయ్య వచ్చినప్పుడు మిగతా ఊరంతా 'ఆఁ బాగుంది' అంటూ తిరిగిన మనిషి ఇక్కడ మాత్రం అరగంట కదల్లేదు. ఎడ్ల మెడ నరాలు చూడరా, బరువు లాగేటప్పుడు సరిగ్గా అలాగే ఉబ్బుతాయి, చెక్కినవాడు దుక్కి చూసినవాడేరా అన్నాడు. మీ నాన్నగారికి వ్యవసాయం తెలిస్తే ఇక్కడ టైము ఎక్కువ ఉంచుకోండి.

అక్కడి నుంచి అమాలియన్‌బోర్, రాజుగారి ఇల్లు. నాలుగు భవనాలు, మధ్యలో ఎనిమిది మూలల చదును, కార్లు కూడా తిరుగుతుంటాయి. 2024 జనవరిలో మార్గరెతె రాణి గద్దె దిగి కొడుక్కి ఇచ్చింది, ఇప్పుడు పదో ఫ్రెడెరిక్ రాజు. మధ్యాహ్నం 12కి కాపలా మారుతుంది, ఎలుగుబంటి తోలు టోపీల సైనికులు రోసెన్‌బోర్ కోట దగ్గరి బ్యారక్స్ నుంచి పదకొండున్నరకి బయల్దేరి ఊళ్లోంచి నడిచి వస్తారు. రాజు ఇంట్లో ఉంటే బ్యాండు కూడా ఉంటుంది. ఇది మీ టైముకి కుదిరితే చూడండి, దీనికోసం గంట నిలబడి ఎదురుచూడకండి. అమ్మగారి మోకాళ్ల మీద ఆ గంట చాలా ఖరీదు.

ఆ చదును మధ్యలో గుర్రం మీద ఒక రాజు విగ్రహం ఉంటుంది, ఐదో ఫ్రెడెరిక్. అందరూ దాన్ని దాటి పోతారు, మీరు ఒక్క నిమిషం ఆగండి. దానికి డబ్బు పెట్టింది డేనిష్ ఆసియాటిక్ కంపెనీ, అంటే చైనాతో, మన తీరంతో వ్యాపారం చేసి గడించినవాళ్లు. తమిళనాడులో తరంగంబాడి 1620 నుంచి డెన్మార్క్ వాళ్ల చేతిలో ఉండేది, అక్కడి డాన్స్‌బోర్ కోట ఇప్పటికీ ఉంది. బెంగాల్లో సిరంపూర్ కూడా వీళ్లదే, రెండూ 1845లో ఇంగ్లీషువాళ్లకి అమ్మేశారు. ఆ సిరంపూర్ నుంచే విలియం కేరీ అనే ఇంగ్లీషు మిషనరీ 1814లో తెలుగు వ్యాకరణం అచ్చువేశాడు. అంటే మన వ్యాకరణం ఒకటి డేన్లు పెంచిన ఊళ్లో అచ్చయిందన్నమాట. ఈ ముక్క చెబితే మా నాన్న రిటైర్డ్ తెలుగు మాస్టారు కాబట్టి విగ్రహం చుట్టూ మూడుసార్లు తిరిగాడు. అందరి నాన్నలకీ ఇది పనిచేస్తుందని చెప్పను.

తర్వాత న్యూహావ్న్, 'న్యూహౌన్' అని పలుకుతారు. పోస్టుకార్డుల మీద కనిపించే రంగురంగుల ఇళ్లు ఇవే. కాలవ 1670లలో తవ్వింది. మత్స్యకన్య కథ రాసిన హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ ఇదే వీధిలో మూడు వేర్వేరు ఇళ్లలో అద్దెకున్నాడు, 20, 67, 18 నంబర్లు, గోడల మీద చూడొచ్చు. ఇక్కడ తినకండి, కూర్చున్నందుకే బిల్లు వేసినట్టుంటుంది.

ఇక్కడ పడవ ఎక్కండి. ఈ మొత్తం జవాబులో ఒక్క సలహా పాటిస్తాననుకుంటే ఇది పాటించండి. గంటసేపు కాలవల్లో తిప్పుతారు. న్యూహావ్న్ నుంచి, గామెల్ స్ట్రాండ్ నుంచి బయల్దేరతాయి. మోకాళ్లకి గంట విశ్రాంతి, ఊరంతా చూసినట్టూ ఉంటుంది: ఒపెరా హౌస్, నల్ల వజ్రం అని పిలిచే లైబ్రరీ, క్రిస్టియన్స్‌హావ్న్ పడవ ఇళ్లు, 2024 ఏప్రిల్లో కాలిపోయిన పాత స్టాక్ ఎక్స్చేంజి, మళ్లీ మత్స్యకన్య వీపు. క్రిస్టియన్స్‌హావ్న్ వైపు ఆసియాటిస్క్ ప్లాస్ అని ఒక చోటు వస్తుంది, పైన చెప్పిన ఆ కంపెనీ స్థావరం అక్కడే. వంతెనలు ఎంత కిందికి ఉంటాయంటే గైడు కూర్చోండి అన్నప్పుడు నిజంగానే కూర్చోవాలి, ఫోన్ పైకెత్తి వీడియో తీసే బావలకి ఇది ప్రత్యేకంగా చెప్పండి. పడవలో టాయిలెట్ ఉండదని అనుకుని ముందే వెళ్లిరండి. పైకప్పు లేని పడవైతే జూన్‌లో కూడా చలేస్తుంది.

డబ్బు మిగల్చాలనుకుంటే పసుపు రంగు హార్బర్ బస్సులు ఉన్నాయి. పేరుకి బస్సు, నిజానికి పడవ, మామూలు బస్సు మెట్రో టికెట్‌తోనే ఎక్కొచ్చు. కాలవల్లోకి వెళ్లదు, హార్బర్ వెంట పోతుంది, గైడు ఉండడు. నలుగురికి ఖర్చు ఎక్కువనిపిస్తే అదీ బాగుంటుంది.

పడవ దిగేసరికి పన్నెండున్నర అవుతుంది. స్ట్రోయెట్ అనే బజారు వీధి గుండా నడవండి, 1962 నుంచి బళ్లు తిరగని వీధి. కొనడానికి ప్రపంచమంతా దొరికే బ్రాండ్లే, జేబుదొంగలు కూడా ఉంటారు. లెగో దుకాణం మాత్రం పాపకి చూపించకుండా దాటించగలిగితే మీరు గొప్పవారు.

ఆ వీధి పక్కనే రుండెటోర్న్, గుండ్రటి గోపురం, నాలుగో క్రిస్టియన్ రాజు కట్టించాడు, 1642లో పూర్తయింది. ఎక్కడానికి మెట్లు కాదు, చుట్టూ తిరిగే వాలు దారి, ఏడున్నర చుట్లు, 209 మీటర్లు. 1716లో రష్యా పీటర్ చక్రవర్తి గుర్రమెక్కే పైకి పోయాడట. పైన ఆఖర్లో మాత్రం కొన్ని ఇరుకు మెట్లు. నాన్నగారు, పాప వెళ్లి రావచ్చు, అమ్మగారు కింద బెంచీ మీద. ఇంకో పక్క, హార్బర్ అవతల బంగారు మెలిక శిఖరం ఉన్న చర్చి కనిపిస్తుంది, దానికి 400 మెట్లు, ఆఖరి 150 శిఖరం బయట గాలిలో. మీ జట్టుకి అది వద్దు.

తిండి. నోర్‌పోర్ట్ స్టేషన్ పక్కన టోర్వెహాలర్న అని అద్దాల మార్కెట్ ఉంది, గోపురం నుంచి పది నిమిషాలు. ఎవరికి కావాల్సింది వాళ్లు తెచ్చుకుని బయట బల్లల దగ్గర తినొచ్చు. శాకాహారులకి సెనగ వడల్లాంటి ఫలాఫెల్, బంగాళాదుంప వేసిన స్మోర్‌బ్రో, అంటే నల్ల రై రొట్టె మీద పరిచేవి, పిజ్జా దొరుకుతాయి. అక్కడ గ్రోడ్ అని జావలు మాత్రమే అమ్మే కొట్టు ఉంది. మా అత్తయ్య ఓట్స్ జావ తిని 'బాగానే ఉందే' అంది, రేటు రూపాయల్లోకి మార్చి చెప్పేసరికి చెంచా కింద పెట్టేసింది. రాగి జావ తాగి పెరిగినవాళ్లకి అది జీర్ణం కావడం కష్టమే. గుడ్డు తినని వాళ్లు బేకరీలో అడిగి కొనండి, పైకి కనపడదు కానీ డేనిష్ పేస్ట్రీల్లో గుడ్డు మామూలే. పిల్లలకి కొనే జెల్లీ మిఠాయిల్లో జెలటిన్ ఉంటుంది, చాలావరకు పందిదే. ఊళ్లో ఇండియన్ రెస్టారెంట్లు లేకపోలేదు కానీ సర్వ్ చేసేసరికి గంటన్నర గడుస్తుంది, రోజులో ఐదున్నర గంటలే ఉన్నప్పుడు పప్పన్నం కోసం గంటన్నర ఇస్తారా అనేది మీ ఇష్టం. నా పద్ధతి ఏమిటంటే బ్యాగులో జంతికలు, చేగోడీలు పెట్టుకోవడం. షిప్పు బఫే నుంచి తిండి బయటికి తేవద్దని చాలా షిప్పుల్లో నియమం ఉంది, గ్యాంగ్‌వే దగ్గర ఎదురుపడితే తీసేస్తారు, మీ ఇంటి జంతికలతో ఆ గొడవ ఉండదు.

నీళ్ల బాటిల్ కొనకండి, కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు. ఖాళీ బాటిల్ పట్టుకెళ్లండి. పబ్లిక్ టాయిలెట్లు చాలావరకు ఉచితమే.

యూరోలు మార్చుకుని రాకండి. డెన్మార్క్‌లో డబ్బు క్రోనర్లు. యూరోకి సుమారు 7.46 దగ్గర కట్టేసి ఉంచుతారు కాబట్టి లెక్క తేలిక. మీకు అసలు నోటు అవసరమే పడదు, కార్డు ప్రతిచోటా చెల్లుతుంది, కొన్ని కొట్లలో నోటిస్తే ముఖం చిట్లిస్తారు. బయల్దేరేముందు బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీలు ఆన్ చేసుకున్నారో లేదో చూసుకోండి, టికెట్ మెషీను ముందు కార్డు పనిచేయక ఫోన్ చేసినవాళ్లే నాకు ఏటా ఇద్దరు ముగ్గురు ఉంటారు. మెట్రోకి 24 గంటల సిటీ పాస్ తీసుకుంటే బస్సు, మెట్రో, హార్బర్ బస్సు అన్నీ వస్తాయి.

ఇప్పుడు ప్రాణాల సంగతి. సైకిళ్ల దారిలో నిలబడొద్దు. ఈ ఊళ్లో కార్లకంటే సైకిళ్లతోనే ప్రమాదం. ఫుట్‌పాత్‌కీ రోడ్డుకీ మధ్య సైకిళ్లకి వేరే వరస ఉంటుంది, కొద్దిగా ఎత్తు తేడా తప్ప మన కంటికి ఫుట్‌పాత్‌లాగే కనిపిస్తుంది. మనవాళ్లు ఫొటో కోసం ఒక్కడుగు వెనక్కి వేస్తారు, అదే ఆ వరస. వాళ్లు గంట కొడతారు, వేగం తగ్గించరు, తర్వాత డేనిష్‌లో ఏదో అంటారు, అర్థం కాకపోవడమే మంచిది. బస్సు దిగేటప్పుడు కూడా చాలా చోట్ల నేరుగా ఆ వరసలోకే దిగుతాం, కుడివైపు చూసి దిగమనండి. మా బాబాయికి ఇక్కడే మోచెయ్యి గీరుకుంది, సైకిలావిడ ఆగి క్షమాపణ చెప్పించుకుని మరీ వెళ్లింది.

తిరుగు దారి: మూడు దాటగానే నోర్‌పోర్ట్ నుంచి. ఓషన్‌కై వాళ్లు మెట్రోలో ఒక్క స్టేషన్ కాంగెన్స్ న్యూటోర్ దాకా వచ్చి ఎం4కి మారాలి, లాంగెలీనీ వాళ్లు లోకల్ రైల్లో ఒక్క స్టాపు, ఓస్టర్‌పోర్ట్‌లో దిగి నడవాలి. అమ్మగారు అలిసిపోతే టాక్సీకి మొహమాటపడకండి, మీటరు చూస్తే గుండె గుభేలంటుంది గానీ నలుగురికీ టూర్ టికెట్లు మిగిల్చారు కదా, అందులోంచి ఇవ్వండి.

షిప్పు తప్పిపోతే ఏమవుతుందని భయపడుతూ రాశారు. అదీ చెబుతాను, చూసినవాణ్ని కాబట్టి. ఆఖరి టైము దాటాక కార్డు స్కాన్ కాని వాళ్ల పేర్లు మైకులో పిలుస్తారు. తర్వాత కేబిన్‌కి మనిషి వెళ్లి చూస్తాడు. పాస్‌పోర్టులు కేబిన్ లాకర్లో దొరికితే తీసి ఒడ్డున షిప్పు కంపెనీ పనులు చూసే పోర్ట్ ఏజెంటుకి ఇచ్చేస్తారు. ఆ తర్వాత తాళ్లు విప్పేస్తారు. కొద్ది నిమిషాల తేడాతో రేవు వెంట పరిగెత్తుకొచ్చే వాళ్లని పై డెక్ మీద జనం చప్పట్లు కొట్టి చూస్తారు, నిజంగానే. తప్పిపోయినవాళ్లు తర్వాతి రేవుకి సొంత ఖర్చుతో చేరుకోవాలి. నా ఏడేళ్లలో ఇలా తప్పిపోయినవాళ్లలో ఎక్కువమంది దారి తప్పినవాళ్లు కాదు, గడియారం తప్పినవాళ్లు. సౌతాంప్టన్‌లో ఎక్కిన మీకు డెన్మార్క్ ఒక గంట ముందుంటుంది, ఫిన్‌లాండ్, ఎస్టోనియా వెళితే ఇంకో గంట. షిప్పు టైము ఒకటి, చేతి వాచీ ఒకటి, ఫోను ఒకటి చెబుతాయి. గ్యాంగ్‌వే దగ్గర బోర్డు మీద రాసిన టైముని ఫొటో తీసుకుని, షిప్పు గడియారంతో మీ వాచీ కలుపుకుని దిగండి.

ఫోను అన్నాను కాబట్టి ఇంకోటి. సముద్రంలో ఉండగా ఎయిర్‌ప్లేన్ మోడ్ తీయకండి. షిప్పులో శాటిలైట్ నెట్‌వర్క్ ఉంటుంది, మీ యూరప్ రోమింగ్ ప్యాకు దానికి వర్తించదు. ఒకాయన రాత్రంతా ఫోన్ మామూలుగా వదిలేసి పడుకుంటే ఫొటోలు బ్యాకప్ అయ్యాయి, పొద్దున్నే బిల్లు చూసి నా డెస్క్‌కి వచ్చాడు, నేను చేయగలిగింది ఏమీ లేదు.

వీసా గురించి మీరు అడగలేదు కానీ అందరూ ఇక్కడే దెబ్బతింటారు. మీకు బ్రిటన్ వీసా, షెంగెన్ వీసా (డెన్మార్క్, ఫ్రాన్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చేది) రెండూ కావాలి. షెంగెన్ మల్టిపుల్ ఎంట్రీయేనా చూసుకోండి. ఒక కుటుంబం ముందు పారిస్ చూసి, లండన్ వెళ్లి, అక్కడ షిప్పెక్కుదామనుకున్నారు. సింగిల్ ఎంట్రీ పారిస్‌తోనే ఖర్చయిపోయింది, షిప్పు చెక్ ఇన్ కౌంటర్ దగ్గర ఆగిపోయారు.

మాల్మో గురించి కూడా ఎవరో ఒకరు మీకు చెబుతారు, వంతెన దాటితే స్వీడన్, రైల్లో నలభై నిమిషాలు, ఒకే రోజు రెండు దేశాలు చూసినట్టు చెప్పుకోవచ్చని. చెప్పుకోవచ్చు. సరిహద్దు తనిఖీతో ఒక రైలు ఆగినా మీ రోజంతా పోతుంది. టివోలీ పార్కు కూడా నేనైతే వదిలేస్తాను, 1843 నాటి పార్కు, అందమైనదే, కానీ దాని అందం సాయంత్రం దీపాలు వెలిగాక, జూన్‌లో పొద్దుగూకేది పదింటికి, అప్పటికి మీరు సముద్రంలో ఉంటారు.

ఇక చీర. నిశ్చింతగా కట్టుకోమనండి, ఎవరూ వింతగా చూడరు, చూసినా మెచ్చుకోలుగానే. కాకపోతే రేవు దగ్గర గాలి మన ఆర్కే బీచ్ గాలి కాదు, కొంగు మనిషితో సహా లాక్కుపోయేలా ఉంటుంది. నూలు చీర, పిన్నులు నాలుగు ఎక్కువ, కొంగు నడుములో దోపుకోవడం, కింద స్పోర్ట్స్ షూ, పైన గాలి ఆపే జాకెట్. చెప్పులు వద్దే వద్దు, ఆ రాళ్ల దారిలో మడమ తిరుగుతుంది. పడవలోకి దిగే మెట్లు తడిగా ఉంటాయి, కుచ్చిళ్లు పైకి పట్టుకోమనండి, పడవ వాళ్లు చెయ్యి అందిస్తారు. మా పెద్దమ్మ అలాగే దిగింది, పక్క సీట్లో డేనిష్ ముసలావిడ ఇందులో గుడ్డ ఎంత ఉంటుందని అడిగింది, ఐదున్నర మీటర్లని నేను చెబితే నమ్మలేదు, ఆ గంటసేపూ ఇద్దరూ ఒపెరా హౌస్ చూడకుండా కుచ్చిళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు.